బూట్ మెనూలో పెత్తనం ఎవరిది?

(లినక్స్ వాడేవాళ్ల సమావేశంలో చేసిన ప్రసంగానికి అక్షర రూపం. మధ్యలో వచ్చిన ప్రశ్నల్ని అలాగే ఉంచాం.)

అందరికీ నమస్కారం. మైకు వినిపిస్తోందా? ఆఖరి వరుసకి కూడానా? సరే.

ముందు ఒక లెక్క చూద్దాం. ఒకే కంప్యూటర్‌లో రెండు లినక్స్‌లు పెట్టుకున్నవాళ్లు చేతులెత్తండి. సగం మందికి పైనే ఉన్నారు. వాళ్లలో, ఒకదాన్ని అప్‌డేట్ చేశాక రెండోది బూట్ కాక తల పట్టుకున్నవాళ్లు? (నవ్వులు) ఒక్క చెయ్యి కూడా దిగలేదే!

విండోస్ పక్కన లినక్స్ ఎలా పెట్టాలో చెప్పేవాళ్లు బోలెడంత మంది ఉన్నారు, ఆ సంగతి ఇవాళ ఎత్తను. నన్నడిగితే రెండు లినక్స్‌లని పక్కపక్కన పెట్టడమే ఎక్కువ తలనొప్పి. ఎందుకంటే డెబియన్, ఉబుంటు, ఫెడోరా ఇవన్నీ లినక్స్ రకాలే, మనం డిస్ట్రోలంటాం. స్విచ్ వేయగానే మెనూ చూపించి, ఎంచుకున్న సిస్టమ్‌ని లేపే బూట్ లోడర్ పేరు గ్రబ్. దాన్ని పెట్టడం డెబియన్‌కి వచ్చు, ఉబుంటుకి వచ్చు, ఫెడోరాకీ వచ్చు. అందరికీ ఒకటే పని వచ్చు, ఆ పని తామే చేయాలని అందరికీ ఉంటుంది. మిగతావాళ్లు ఉన్నారన్న సంగతి ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ఒకసారి చూసుకుంటారు, అంతే. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవంటారు కదా, మనం మూడు, నాలుగు దూర్చి, మూత పెట్టి, పైగా ఆటోమేటిక్ అప్‌డేట్లు ఆన్ చేస్తాం.

నా అనుభవం ఒకటి చెబుతాను. తప్పు పూర్తిగా నాదే. చాలా ఏళ్ల కిందట, పాత బయాస్ మెషీన్, అంటే స్విచ్ వేయగానే ముందు లేచే మదర్‌బోర్డు ప్రోగ్రామ్ పాతకాలంది. రోజూ పని చేసుకునే లినక్స్ డిస్క్‌లో మొదటి పార్టిషన్‌లో, అంటే మొదటి భాగంలో, ఉంది. సరదాగా చూద్దామని ఇంకో డిస్ట్రోని ఆరో పార్టిషన్‌లో పెట్టాను. వారం వాడాను, నచ్చలేదు. ఒక రాత్రి ఆ పార్టిషన్ డిలీట్ చేసి, ఆ జాగా ఖాళీ అయిందని సంతోషంగా పడుకున్నాను. పొద్దున స్విచ్ నొక్కితే నల్లటి తెర మీద రెండే ముక్కలు. 'ఎర్రర్: నో సచ్ పార్టిషన్.' దాని కింద 'గ్రబ్ రెస్క్యూ', పక్కన కర్సర్ మిటకరిస్తోంది. నా మొదటి లినక్స్‌కి ఏమీ కాలేదు. ఒక్క ఫైల్ కూడా పోలేదు. అయినా లోపలికి వెళ్లే దారి లేదు.

ఎందుకలా అయింది? ఇది అర్థమైతే మిగతాదంతా తేలిక, అందుకే ఇక్కడ కాసేపు ఆగుతాను.

బయాస్ కాలంలో డిస్క్ మొదటి సెక్టారు 512 బైట్లు. అందులో పార్టిషన్ టేబుల్ 64, చివర గుర్తు 2 పోగా, బూట్ కోడ్‌కి మిగిలేది 446 బైట్లు. ఎంత చిన్నదో చెప్పాలంటే, యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు గుర్తుకు 3 బైట్లు కావాలి, అంటే గుణింతాలు, పొల్లులు అన్నీ కలిపి 148 గుర్తులు పడతాయి. ఓ చిన్న ఉత్తరం కూడా పట్టదు. అంత చోటులో ఫైల్ సిస్టమ్, అంటే డిస్క్ మీద ఫైళ్లు అమర్చిన పద్ధతి, చదివే తెలివి ఎక్కడ పెడతారు? అందుకే గ్రబ్ అక్కడ ఒక పిల్ల ముక్కను పెడుతుంది. దానికి తెలిసింది ఒక్కటే: పక్కనే, మొదటి పార్టిషన్‌కి ముందున్న ఖాళీలో, కాస్త పెద్ద ముక్క ఉంది, దాన్ని లేపాలి. పాత పద్ధతిలో ఆ ఖాళీ 62 సెక్టార్లు, అంటే 31 కేబీ. ఇప్పుడు పార్టిషన్లు 1 ఎంబీ దగ్గర మొదలవుతాయి కాబట్టి చోటుకి కరువు లేదు. ఆ పెద్ద ముక్కకి కొద్దిగా చదువొచ్చు. కానీ మెనూ, మాడ్యూళ్లు అనే అదనపు ముక్కలు అన్నీ దాని దగ్గర ఉండవు. 'నా సామాను ఫలానా పార్టిషన్‌లో, బూట్ ఫోల్డర్‌లో, గ్రబ్ అనే ఫోల్డర్‌లో ఉంది' అని ఒక చిరునామా మాత్రం రాసుకుని ఉంటుంది. దాని పేరు ప్రిఫిక్స్.

ఇప్పుడు నా కథ చూడండి. రెండో డిస్ట్రో పెట్టినప్పుడు అది తన గ్రబ్‌ని మొదటి సెక్టార్‌లో రాసేసింది. చిరునామా ఆరో పార్టిషన్‌ది. నేను ఆ ఆరోదాన్నే కూల్చాను. మెషీన్ పెత్తనం నేను చూసి వదిలేసిన డిస్ట్రో చేతికి వెళ్లిందని నాకు అప్పటిదాకా తెలియనే తెలియదు.

ఎలా బయటపడ్డానో కూడా చెప్పేస్తాను, మీకెప్పుడైనా పనికొస్తుంది. రెస్క్యూ ప్రాంప్ట్‌లో చాలా తక్కువ కమాండ్లు ఉంటాయి. ఎల్ఎస్ కొడితే పార్టిషన్ల పేర్లు బ్రాకెట్లలో వస్తాయి. గ్రబ్ డిస్క్‌లని 0 నుంచి, పార్టిషన్లని 1 నుంచి లెక్కపెడుతుంది, ఈ రెండు లెక్కలూ కలిపేసుకోకండి. ఒక్కోదాన్నీ ఎల్ఎస్‌తో తెరిచి చూస్తూ పోతే మొదటి పార్టిషన్‌లో బూట్, దాని కింద గ్రబ్ కనిపించాయి. సెట్ ప్రిఫిక్స్ ఈక్వల్ టు అని ఆ దారి ఇచ్చాను. సెట్ రూట్ అని ఆ పార్టిషన్ ఇచ్చాను. ఇన్‌స్‌మాడ్ నార్మల్, తర్వాత నార్మల్. మెనూ వచ్చింది! రెండు గ్రబ్‌ల వెర్షన్లు దగ్గర దగ్గరగా ఉన్నాయి కాబట్టి బతికిపోయాను. తేడా ఎక్కువుంటే 'సింబల్ నాట్ ఫౌండ్' అని మొండికేస్తుంది, అప్పుడు లినక్స్‌ని నేరుగా నడిపే లైవ్ యూఎస్‌బీ తప్పదు. లోపలికి వెళ్లగానే చేయాల్సిన మొదటి పని, అక్కడి నుంచి గ్రబ్-ఇన్‌స్టాల్, అంటే బూట్ లోడర్‌ని మళ్లీ రాయించడం. పార్టిషన్‌కి కాదు, మొత్తం డిస్క్‌కి. ఆ తర్వాత మెనూని మళ్లీ రాసే అప్‌డేట్-గ్రబ్.

ఇప్పటి మెషీన్లు యూఈఎఫ్ఐవి, అంటే బయాస్ స్థానంలో వచ్చిన కొత్త ఫర్మ్‌వేర్‌వి, ఫర్మ్‌వేర్ అంటే మదర్‌బోర్డు సొంత ప్రోగ్రామ్. అక్కడ ఈ 446 బైట్ల ఇరుకు లేదు. ఈఎఫ్ఐ సిస్టమ్ పార్టిషన్ అని ఒకటుంటుంది, సాధారణంగా ఫ్యాట్32లో. అందులో ఈఎఫ్ఐ అనే ఫోల్డర్, దాని కింద డెబియన్‌కి ఒకటి, ఫెడోరాకి ఒకటి, ఇలా ఎవరి గది వాళ్లకి. కాబట్టి ఒకరి ఫైల్ ఒకరు తొక్కే బాధ చాలావరకు తప్పింది. మరి గొడవ ఎక్కడ? వరుసలో. మదర్‌బోర్డు తన మెమరీలో బూట్‌ఆర్డర్ అని ఒక జాబితా పెట్టుకుంటుంది. కొత్తగా వచ్చినవాడు వస్తూనే వెళ్లి ముందు నిలబడతాడు.

స్క్రీన్ చూడండి. ఇది నా ల్యాప్‌టాప్, డెబియన్, ఉబుంటు, ఫెడోరా మూడూ ఉన్నాయి. ఈఎఫ్ఐబూట్‌ఎంజీఆర్ అని కొట్టాను. బూట్‌కరెంట్ 0001, అంటే ఇప్పుడు నేను ఏ దారిన లోపలికి వచ్చానో అది. బూట్‌ఆర్డర్ 0001, 0002, 0003. కింద వాటి పేర్లు: 0001 డెబియన్, 0002 ఉబుంటు, 0003 ఫెడోరా. వరుస తారుమారైతే ఇదే కమాండ్‌కి హైఫన్ ఓ పెట్టి, కావాల్సిన వరుస కామాలతో ఇస్తే చాలు. ఏ ఫైలూ ముట్టుకోనక్కర్లేదు. చాలామంది ఈ ఒక్క కమాండ్ తెలియక మొత్తం మళ్లీ ఇన్‌స్టాల్ చేసుకుంటారు.

యూఈఎఫ్ఐలో కూడా తొక్కేసుకునే సందర్భం ఒకటుంది. ఉబుంటు పక్కన లినక్స్ మింట్ పెట్టినవాళ్లున్నారా? ఉన్నారు. మింట్‌కి ఉబుంటు ఆధారం కదా, అది కూడా 'ఉబుంటు' అనే ఫోల్డర్‌లోకే వస్తుంది. ఒకే పేరుతో ఇద్దరు. ఆ ఫోల్డర్‌లో గ్రబ్ డాట్ సీఎఫ్‌జీ అని మూడు లైన్ల ఫైల్ ఉంటుంది: ఫలానా యూయూఐడీ, అంటే ఒక్కో పార్టిషన్‌కీ ఉండే ప్రత్యేక గుర్తింపు సంఖ్య, ఉన్న పార్టిషన్ వెతుకు, ప్రిఫిక్స్ అక్కడ పెట్టుకో, అక్కడి అసలు మెనూ తెరువు. చివరగా రాసినవాడి యూయూఐడీ అందులో ఉంటుంది. రెండు ఉబుంటు వెర్షన్లు పక్కపక్కన పెట్టినా ఇదే తంతు. ఇలాంటప్పుడు ఎవరిది పైచేయి కావాలో వాళ్లలోకి వెళ్లి గ్రబ్-ఇన్‌స్టాల్ ఒకసారి కొడితే ఆ మూడు లైన్లు మళ్లీ వాళ్లవవుతాయి. అవతలివాడి గ్రబ్ ప్యాకేజీకి అప్‌డేట్ వచ్చిన రోజు మళ్లీ తిరగబడొచ్చు, అది గుర్తుంచుకోండి.

కాబట్టి ఏ డిస్ట్రో ముందు పెట్టాలి, ఏ సైజు పార్టిషన్ ఇవ్వాలి, ఇవన్నీ తర్వాతి మాట. ఒక కాగితం తీసుకుని ఈ మెషీన్‌లో పెత్తనం ఫలానా లినక్స్‌ది అని రాసుకోండి. నేనైతే డెబియన్ స్టేబుల్‌కి ఇస్తాను. తెలివైనదని కాదు, కదలదు కాబట్టి. రోజూ మారే రోలింగ్ డిస్ట్రోకి తాళాలు ఇవ్వడం నాకు ధైర్యం చాలదు. కానీ అలాంటి ఆర్చ్ వాడేవాళ్లు ఇక్కడ చాలామంది ఉన్నట్టున్నారు, వాళ్లతో వాదించే ధైర్యం అంతకంటే చాలదు. (నవ్వులు)

మిగతావాటికి పెత్తనం లేదని చెప్పాలి కదా. ఉబుంటు కూడా ఉన్న డెబియన్ కుటుంబంలో, బయాస్ మెషీన్ అయితే డీపీకేజీ-రీకాన్ఫిగర్ గ్రబ్-పీసీ కొట్టండి. ఏ డిస్క్‌లో రాయాలని అడుగుతుంది. అన్నిటికీ టిక్ తీసేయండి. 'నిజంగానే వద్దా?' అని భయపెడుతుంది. వద్దనే చెప్పండి. యూఈఎఫ్ఐ అయితే ఎన్‌వీర్యామ్, అంటే బూట్‌ఆర్డర్ ఉండే ఆ మదర్‌బోర్డు మెమరీ, మార్చాలా అని ఒక ప్రశ్న ఉంటుంది, దానికి నో. గ్రబ్-ఇన్‌స్టాల్ చేత్తో కొడుతుంటే నో-ఎన్‌వీర్యామ్ అనే ఆప్షన్ ఉంది.

ఇక అసలు చిక్కుకి వస్తాను. పెత్తనం డెబియన్‌ది. దాని మెనూలో ఉబుంటు పేరు ఎలా వస్తుంది? ఓఎస్-ప్రోబర్ అనే స్క్రిప్ట్ పార్టిషన్లన్నీ తిరిగి, ఎక్కడ ఏ సిస్టమ్ ఉందో చూసి రాస్తుంది. 2021లో వచ్చిన గ్రబ్ 2.06 నుంచి, భద్రత కోసమని, దీన్ని మామూలుగా ఆపేసి ఉంచారు. 'నిన్నటిదాకా కనిపించిన రెండో లినక్స్ ఇవాళ మెనూలో లేదు' అని జనం గగ్గోలు పెట్టింది అందుకే. ఈటీసీ కింద డిఫాల్ట్ ఫోల్డర్‌లో గ్రబ్ అనే ఫైల్ తెరిచి, గ్రబ్-డిసేబుల్-ఓఎస్-ప్రోబర్ అనే దానికి ఫాల్స్ ఇచ్చి అప్‌డేట్-గ్రబ్ కొడితే మళ్లీ వెతుకుతుంది. ఆపేయడాన్ని ఆపేయమని చెప్పడం. ఆ పేరు పెట్టినవాళ్లకి ఓ నమస్కారం.

సరే, ఆన్ చేశారు. ఉబుంటు వచ్చింది. అంతా బావుంది. అందరూ ఇక్కడే ఆగిపోతారు, నెల తర్వాత దెబ్బ తింటారు.

ఎలాగంటే, ఓఎస్-ప్రోబర్ ఉబుంటు అని మాత్రమే రాయదు. ఆ రోజు ఉబుంటులో ఉన్న కెర్నల్, అంటే సిస్టమ్ గుండెకాయ లాంటి ప్రోగ్రామ్, దాని ఫైల్ పేరు, వెర్షన్ నంబర్‌తో సహా, డెబియన్ మెనూలోకి ఎక్కించుకుంటుంది. మీరు ఉబుంటులోకి వెళ్లి అప్‌డేట్ చేస్తారు. కొత్త కెర్నల్ వస్తుంది. ఉబుంటు తన మెనూ తాను రాసుకుంటుంది, డెబియన్ మెనూని ముట్టుకోదు. మీరు డెబియన్ మెనూలోంచే వెళ్తున్నారు కాబట్టి పాత కెర్నల్‌తోనే నడుస్తుంటుంది. భద్రతా లోపం సరిచేసిన కెర్నల్ డిస్క్ మీద ఉంది, మీరు మాత్రం దాని మీద లేరు. ఏ ఎర్రరూ రాదు! యూనేమ్ హైఫన్ ఆర్ కొట్టి చూస్తే తప్ప తెలియదు. ఇంకో రెండు అప్‌డేట్లయ్యాక ఉబుంటు పాత కెర్నల్‌ని ఊడ్చేస్తుంది. ఆ మర్నాడు మెనూలో ఉబుంటు నొక్కితే ఫైల్ దొరకలేదని, ముందు కెర్నల్ లోడ్ చేయమని రెండు లైన్లు వస్తాయి. ఉబుంటు పాడైందని మనం ఉబుంటుని తిడతాం. దాని తప్పేమీ లేదు పాపం.

పాతకాలంలో లిలో అనే బూట్ లోడర్ వాడినవాళ్లకి ఇది కొత్త కాదు. దానికి ఫైల్ సిస్టమ్ చదవడం రాదు, కెర్నల్ డిస్క్ మీద ఏ బ్లాకుల్లో ఉందో రాసుకునేది. కెర్నల్ మార్చి లిలో కమాండ్ కొట్టడం మర్చిపోతే అయిపోయినట్టే. 1995లో మొదలైన గ్రబ్‌కి ఫైల్ సిస్టమ్ చదవడం వచ్చు కాబట్టి ఆ బాధ పోయింది. లిలో అభివృద్ధి 2015తో ఆగిపోయింది కూడా. ఇంత చేసి, ఓఎస్-ప్రోబర్ రాసిచ్చిన మెనూతో మనం మళ్లీ పాత బావిలోనే దూకుతున్నాం.

మరి ఏం చేయాలి? డెబియన్ మెనూలో ఉబుంటు కెర్నల్ పేరు ఉండకూడదు. ఉబుంటు మెనూ చిరునామా మాత్రమే ఉండాలి. ఇప్పుడు చేసి చూపిస్తాను.

ఈటీసీ కింద గ్రబ్ డాట్ డీ అనే ఫోల్డర్. లోపల ఫైళ్ల పేర్లకి ముందు నంబర్లున్నాయి. 10 సొంత కెర్నల్స్‌ది, 30 ఓఎస్-ప్రోబర్‌ది, 40 అండర్‌స్కోర్ కస్టమ్ మనది. నంబర్ల వరుసలోనే మెనూ తయారవుతుంది. 40 తెరుస్తున్నాను. పైన కొన్ని లైన్లున్నాయి, వాటిలో ఎగ్జెక్ టెయిల్ అనేది ఉంది. అది చెత్తలా కనిపిస్తుంది కానీ తీయకండి. 'నా మూడో లైను నుంచి ఉన్నదంతా మెనూలోకి యథాతథంగా దింపు' అని దాని అర్థం. అది తీసేస్తే మొత్తం పోతుంది.

కింద రాస్తున్నాను. మెనూఎంట్రీ, కోట్స్‌లో ఉబుంటు. తర్వాత రెండు హైఫన్లు ఐడీ, ఒక పేరు, 'యూబీ' అనుకుందాం. ఫ్లవర్ బ్రాకెట్ తెరిచాను. లోపల రెండే లైన్లు. మొదటిది సెర్చ్, ఎఫ్ఎస్-యూయూఐడీతో వెతికి రూట్‌గా పెట్టుకో అని. ఆ యూయూఐడీ ఎక్కడిదంటే, ఇదిగో ఇంకో టెర్మినల్‌లో బీఎల్‌కే-ఐడీ కొట్టి ఉబుంటు పార్టిషన్ ముందున్నది కాపీ చేశాను. ఎస్‌డీఏ2 లాంటి పేరు రాయకండి, ఇంకో డిస్క్ తగిలిస్తే ఆ పేర్లు మారిపోవచ్చు. రెండో లైను కాన్ఫిగ్‌ఫైల్, తర్వాత బూట్, గ్రబ్, గ్రబ్ డాట్ సీఎఫ్‌జీ, మధ్యలో స్లాష్‌లు. ఫ్లవర్ బ్రాకెట్ మూశాను. అయిపోయింది.

ఇప్పుడు 30వ నంబర్ ఓఎస్-ప్రోబర్‌ని ఆపేయొచ్చు. అప్‌డేట్-గ్రబ్. ఇకపై డెబియన్ మెనూలో ఉబుంటు నొక్కితే ఉబుంటు సొంత మెనూ తెరుచుకుంటుంది. అందులో కెర్నల్ ఎన్నిసార్లు మారినా ఉబుంటు తన పుస్తకంలో తాను రాసుకుంటుంది, మనం ఆ పుస్తకాన్నే చదువుతాం. ఒక మెనూ తర్వాత ఇంకో మెనూ వస్తుంది, రెండు సెకన్లు ఆలస్యం. నాకేమీ ఇబ్బంది అనిపించలేదు.

ఇక్కడ కాలు జారే చోట్లు రెండున్నాయి. ఉబుంటుకి బూట్ పార్టిషన్ విడిగా ఉంటే, సెర్చ్‌లో ఇవ్వాల్సింది ఆ బూట్ పార్టిషన్ యూయూఐడీ. దారిలో 'బూట్' అనే మాట ఉండదు, నేరుగా స్లాష్ గ్రబ్ నుంచి మొదలవుతుంది. ఉబుంటుని బీటీఆర్ఎఫ్ఎస్ అనే ఫైల్ సిస్టమ్ మీద పెట్టుంటే దారి ముందు స్లాష్, ఎట్ గుర్తు కలపాలి, ఎందుకంటే గ్రబ్‌కి దాని లోపలి విభాగం, సబ్‌వాల్యూమ్, మామూలు ఫోల్డర్‌లాగే కనిపిస్తుంది.

చెప్పండి, రెండో వరుసలో చెయ్యెత్తారు.

(ప్రశ్న: ఫెడోరాకి కూడా ఇలాగే రాశానండీ. ఎంట్రీ నొక్కితే అందులో ఏమీ రావడం లేదు.)

రాదండీ. మంచి ప్రశ్న, నేను ఎలాగూ చెప్పాల్సింది. 2019లో వచ్చిన ఫెడోరా 30 నుంచి మెనూ లైన్లు గ్రబ్ డాట్ సీఎఫ్‌జీలో ఉండవు. ఒక్కో కెర్నల్‌కి ఒక్కో చిన్న ఫైల్ చొప్పున, బూట్ కింద లోడర్, దాని కింద ఎంట్రీస్ ఫోల్డర్‌లో ఉంటాయి. వాటిని చదివే బీఎల్ఎస్-సీఎఫ్‌జీ అనే మాడ్యూల్ ఫెడోరా గ్రబ్‌లో ఉంటుంది, మీ డెబియన్ గ్రబ్‌లో లేదు. పుస్తకం తెరుచుకుంది కానీ లిపి రాదన్నమాట. అందుకని ఫెడోరాని ఫెడోరా గ్రబ్‌తోనే చదివించాలి. యూఈఎఫ్ఐ అయితే అదే మెనూఎంట్రీలో, సెర్చ్‌కి ఈఎఫ్ఐ పార్టిషన్ యూయూఐడీ ఇచ్చి, కాన్ఫిగ్‌ఫైల్ బదులు చెయిన్‌లోడర్ అని, ఈఎఫ్ఐ ఫోల్డర్‌లో ఫెడోరా కింద ఉన్న గ్రబ్ ఈఎఫ్ఐ ఫైల్ దారి ఇవ్వండి. ఇదిగో, నా దాంట్లో ఇలా ఉంది. డెబియన్ గ్రబ్ తప్పుకుని ఫెడోరా గ్రబ్‌ని కూర్చోబెడుతుంది. సంతకం ఉన్న ప్రోగ్రామ్‌లనే లేవనిచ్చే సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంటే ఈ చేతులు మారడంలో పేచీలు రావొచ్చు. అప్పుడు గ్రబ్‌ని వదిలేసి, స్విచ్ వేయగానే ఎఫ్12 గానీ ఎఫ్11 గానీ, మీ మెషీన్‌లో ఏదైతే అది నొక్కి, ఫర్మ్‌వేర్ మెనూలోనే ఎంచుకోండి. అది కూడా మెనూనే కదా, చూడ్డానికి బాగోదు అంతే.

ఫెడోరా వాళ్లకి ఇంకో మాట. ఫెడోరా 34 నుంచి ఈఎఫ్ఐ పార్టిషన్‌లో ఉన్న గ్రబ్ డాట్ సీఎఫ్‌జీ కూడా చిన్న దారి చూపే ఫైలే. పాత పద్ధతి చూసి, మెనూ ఫైల్ తయారుచేసే గ్రబ్2-ఎంకే-కాన్ఫిగ్ ఫలితాన్ని దాని మీద రాయకండి. రాయాల్సింది బూట్ కింద గ్రబ్2 ఫోల్డర్‌లో.

డిఫాల్ట్ ఎంట్రీ గురించి. చాలామంది గ్రబ్-డిఫాల్ట్ ఈక్వల్ టు 2 అనో 4 అనో రాస్తారు. సున్నా నుంచి లెక్క. ఒక ఎంట్రీ పైన చేరితే మీ 4 ఇంకొకరిదవుతుంది. ఇందాక ఐడీ పెట్టింది ఇందుకే. నంబర్ బదులు 'యూబీ' అని రాయండి, వరుస ఎలా మారినా అదే ఎత్తుకుంటుంది. చివరిసారి వాడినదే మళ్లీ రావాలంటే డిఫాల్ట్‌కి సేవ్డ్ అని, గ్రబ్-సేవ్‌డిఫాల్ట్‌కి ట్రూ అని పెట్టండి. కానీ సేవ్ చేయాలంటే గ్రబ్ డిస్క్ మీద రాయాలి. బీటీఆర్ఎఫ్ఎస్ మీద గ్రబ్‌కి చదవడం వచ్చు, రాయడం రాదు. 'స్పార్స్ ఫైల్ నాట్ అలౌడ్' అని ఎప్పుడైనా చూశారా? అదే ఇది. ఆ ఒక్కసారికి మాత్రం ఇంకో దాంట్లోకి వెళ్లాలంటే, యూఈఎఫ్ఐలో ఈఎఫ్ఐబూట్‌ఎంజీఆర్ హైఫన్ ఎన్, 0002 అని కొట్టి రీబూట్ చేయండి. ఒక్కసారికే పని చేస్తుంది, తర్వాత మామూలే. దూరంగా ఉన్న మెషీన్‌ని మార్చి చూసేటప్పుడు ఇది నాకు ఎంత హాయో చెప్పలేను.

స్వాప్ సంగతి చెప్పి ముందుకెళ్తాను, ఎందుకంటే దీన్ని బూట్ లోడర్ సమస్య అనుకుని గంటలు పోగొట్టుకునేవాళ్లున్నారు. ర్యామ్ చాలనప్పుడు వాడుకునే స్వాప్ పార్టిషన్ రెండు లినక్స్‌లకీ ఒకటే ఇస్తాం. రెండోది ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ఇన్‌స్టాలర్ ఆ స్వాప్‌ని మళ్లీ ఫార్మాట్ చేస్తే దాని యూయూఐడీ మారిపోతుంది. మొదటి లినక్స్ పాత యూయూఐడీ కోసం ఎదురుచూస్తుంది. 'ఎ స్టార్ట్ జాబ్ ఈజ్ రన్నింగ్' అని ఎర్ర నక్షత్రాలు అటూ ఇటూ తిరుగుతూ, పక్కన 90 సెకన్ల లెక్క. పార్టీ మారినవాడి కోసం బస్సు ఆపి కూర్చున్నట్టు. ఏ పార్టిషన్లు వాడాలో రాసుండే ఎఫ్ఎస్‌ట్యాబ్ ఫైల్‌లో కొత్త యూయూఐడీ రాయండి. డెబియన్ కుటుంబంలో అయితే ఇనిట్‌ర్యామ్‌ఎఫ్ఎస్-టూల్స్ కింద రెజ్యూమ్ అనే ఫైల్ కూడా ఉందేమో చూసి, మార్చి, అప్‌డేట్-ఇనిట్‌ర్యామ్‌ఎఫ్ఎస్ కొట్టండి. ఇక ఒకదాన్ని హైబర్నేట్ చేసి రెండోదాంట్లోకి వెళ్లే అలవాటు ఉన్నవాళ్లు ఆ అలవాటు ఇవాళే మానేయండి. నిద్రపోయిన సిస్టమ్ జ్ఞాపకమంతా ఆ స్వాప్‌లోనే ఉంటుంది. దాని పార్టిషన్లని ఇవతలివాడు మౌంట్ చేసి రాస్తే, అది లేచాక తనకి తెలిసిన పాత లెక్కతో మళ్లీ రాస్తుంది. ఫైల్ సిస్టమ్ చెడిపోతుంది. అది గ్రబ్ బాగు చేయగలిగేది కాదు.

(ప్రశ్న: ఇంత తంటా ఎందుకు సార్, ఆర్-ఈ-ఫైండ్ అనే ఇంకో బూట్ మేనేజర్ పెట్టుకుంటే పోదా?)

పోతుంది. నిజంగానే. యూఈఎఫ్ఐ మెషీన్, మూడు నాలుగు డిస్ట్రోలు, తరచూ మార్చే మనిషి అయితే నేను కూడా అదే చెబుతాను. అది స్విచ్ వేసిన ప్రతిసారీ డిస్క్ తిరిగి చూస్తుంది కాబట్టి పాత జాబితా అనే బెడదే లేదు. ఎక్స్‌టీ4, బీటీఆర్ఎఫ్ఎస్ చదివే డ్రైవర్లు దానితోనే వస్తాయి. సిస్టమ్‌డీ-బూట్ అనే ఇంకోదాని సంగతి వేరు. శుభ్రంగా, చిన్నగా ఉంటుంది కానీ కెర్నల్స్ ఈఎఫ్ఐ పార్టిషన్‌లోనో, దానికి తోడుగా పెట్టిన బూట్ పార్టిషన్‌లోనో ఉండాలంటుంది. ఈఎఫ్ఐ పార్టిషన్ 100 ఎంబీ అయితే మూడు డిస్ట్రోల కెర్నల్స్ ఎక్కడ పడతాయి? అయినా ఇవాళ గ్రబ్ పట్టుకున్నానంటే కారణం ఉంది. మీరు ఆర్-ఈ-ఫైండ్ పెట్టుకున్నా లోపల ఒక్కో డిస్ట్రో తన గ్రబ్‌ని వదలదు. అప్‌డేట్‌తో బూట్‌ఆర్డర్‌లో ముందుకొచ్చి నిలబడితే, మళ్లీ ఇదే పెత్తనం తగాదా.

ఇంకో పది నిమిషాలున్నాయట. అయితే నా పాత తప్పుని ఈసారి సరిగ్గా చేసి చూపిస్తాను. ఈ ల్యాప్‌టాప్‌లో ఫెడోరా మీకు చూపించడానికే పెట్టాను, పని అయిపోయింది, తీసేద్దాం.

పార్టిషన్ జోలికి ఇప్పుడే వెళ్లను. ముందు బూట్‌కరెంట్ చూస్తున్నాను. 0001, డెబియన్. నేను నిలబడ్డ కొమ్మ నరుక్కోవడం లేదని నమ్మకం కుదిరింది. ఇప్పుడు ఈఎఫ్ఐబూట్‌ఎంజీఆర్, హైఫన్ చిన్న బీ 0003, హైఫన్ పెద్ద బీ. జాబితాలోంచి ఫెడోరా పోయింది. చిన్న బీ ఏ ఎంట్రీ అన్నది, పెద్ద బీ తీసేయమన్నది. నంబర్ కొట్టేముందు ఒకటికి రెండుసార్లు చూసుకోండి. తర్వాత ఈఎఫ్ఐ పార్టిషన్‌లో ఫెడోరా ఫోల్డర్ తీసేశాను. పక్కనే బూట్ అనే ఫోల్డర్ ఒకటుంది చూశారా, దాన్ని ముట్టుకోను. ఫర్మ్‌వేర్ తన జాబితా మొత్తం మర్చిపోయిన రోజున వెతుక్కునేది అందులోని ఫైల్‌నే. ఆ ఫైల్ ఫెడోరాది అయి ఉండొచ్చు, కాబట్టి డెబియన్‌లో గ్రబ్-ఇన్‌స్టాల్‌కి రిమూవబుల్ అనే ఆప్షన్ ఇచ్చి కొట్టాను, ఇప్పుడది డెబియన్‌ది అయింది. 40వ ఫైల్‌లో ఫెడోరా మెనూఎంట్రీ చెరిపాను. ఇప్పుడు, ఇప్పుడు మాత్రమే, పార్టిషన్ డిలీట్. చివరగా అప్‌డేట్-గ్రబ్.

రీబూట్ చేస్తున్నాను. టెన్షన్ మీకా నాకా? (నవ్వులు) లోగో వచ్చింది... మెనూ. డెబియన్, దాని కింద అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, కింద ఉబుంటు. ఉబుంటు నొక్కుతున్నాను. రెండో మెనూ వచ్చింది, ఇది ఉబుంటు రాసుకున్నది. ఎంటర్.

లాగిన్ తెర వచ్చేసింది. మైకు ఎవరికివ్వమంటారు?